అరుచి నిర్దోషమా?

రుచులను గూర్చి వాదించరాదని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని మనవారు ఆ వివాదాన్ని ఒక్క సామెతతో ముగించినారు. ఒకడు తీపిని కోరుతాడు, మరొకడు కారాన్ని కోరుతాడు. ఇందులో తప్పొప్పులు విచారించుటకు ఏమున్నదని అడిగితే సమాధానం చెప్పడం కష్టమే. అయితే ఈ సామెత సగం సత్యాన్నే చెప్పుతున్నదని నాకు చాలకాలంగా ఒక సందేహం ఉన్నది. నాకు ఇష్టం లేని పదార్థాన్ని తినకుండుట నా హక్కు. కాని ఎదుటివాడు ఇష్టంతో తినేదానిని చూచి ముఖం చిట్లించుట కూడ నా హక్కేనా? మొదటిది నాలుకకు సంబంధించిన విషయం. రెండవది మనిషికీ మనిషికీ మధ్య జరిగే విషయం. ఆ రెండింటి నడుమ గీత ఎక్కడ ఉన్నదో విచారించుటే ఈ వ్యాసానికి ఉద్దేశం.

ఈ విచారణలో నాకు గ్రంథాలకంటె ఎక్కువగా తోడ్పడినది నేను పెరిగిన ఊరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వంతో జరిగిన ఒడంబడిక ఫలితంగా దుర్గ్ పట్టణం చెంత భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలసినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. దల్లీ-రాజహరా కొండల నుండి ముడి ఇనుము వచ్చినట్లే, దేశం నలుమూలల నుండి మనుష్యులు వచ్చినారు. శ్రీకాకుళం ప్రాంతం నుండి మా తండ్రిగారు వచ్చినారు. ఆ సెక్టార్ల క్వార్టర్లలో ఒక గోడకు ఇవతల తెలుగువారు, అవతల మలయాళీలు, మెట్లకు ఎదురుగా పంజాబీలు, పై అంతస్తులో బెంగాలీలు ఉండేవారు. వీరందరికీ ముందునుండి ఆ నేలమీద ఉన్న ఛత్తీస్‌గఢీలు కూడ ఆ క్వార్టర్లలోనే ఉండేవారు. వారిలో కొందరి పొలాలు కర్మాగారం క్రిందికే పోయినవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ వేరు రాష్ట్రమైనది గాని, నా బాల్యంలో అది మధ్యప్రదేశ్‌లో ఒక భాగం. మొదటి షిఫ్టుకు పోయేవారి కోసం తెల్లవారక ముందే అన్ని వంటిళ్ళలోను పొయ్యిలు వెలిగేవి. ఒకే వసారాలో నాలుగు రకాల పోపులు వినిపించేవి.

మా ప్రక్క ఇంటిలో ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఇల్లాలిని మేము కాకీ అని పిలిచేవాళ్ళం. భాద్రపదంలో పోరా పండుగనాడు ఆమె ఒక పళ్లెం పంపేది. అందులో ఠేఠరీ, ఖుర్మీ అనే రెండు పిండివంటలు కలిపి ఉండేవి. ఠేఠరీ శనగపిండితో చేసి నూనెలో వేయించినది, ఉప్పగా ఉంటుంది. ఖుర్మీ గోధుమపిండిలో బెల్లం కలిపి చేసినది, తియ్యగా ఉంటుంది. వాటిని విడదీసి పెట్టుట ఆ ఇంటిలో లేదు. ఎద్దులను పూజించే ఆ పండుగకు రెండూ జంటగానే నైవేద్యం, జంటగానే భోజ్యం. మా అమ్మ మొదటి సంవత్సరం ఆ పళ్లెం అందుకొని తీపి వేరు, ఉప్పు వేరుగా రెండు డబ్బాలలో సర్దినది. అది చూచి కాకీ నవ్వినదట.

ఆ నవ్వుకు బదులు తీర్చుకొనే అవకాశం మా అమ్మకు వేసవిలో వచ్చినది. మేము పెరుగన్నంలో మామిడిపండు పిసుకుకొని, ప్రక్కన ఆవకాయ బద్ద నంజుకొంటూ ఉండగా కాకీ గుమ్మంలో నిలబడి ఆశ్చర్యంతో చూచినది. అన్నంలో పండు ఏమిటి, ఆ పండుతో పెరుగు ఏమిటి, ఇంత తీపి చెంత అంత కారం ఏమిటి అని ఆమె అడిగిన ప్రశ్నలకు మావద్ద జవాబు లేదు. మేము ఎన్నడూ దానిని విచిత్రమని అనుకొనలేదు. ముక్కల పులుసులో బెల్లం వేసేవారికి, మినపరొట్టెను చెరకు పానకంలో ముంచుకొని తినేవారికి, పులిహోర ప్రక్కనే పరమాన్నం వడ్డించేవారికి, పండుగనాటి గారెలను పాకంలో వేసేవారికి తమ విస్తరిలో విచిత్రం కనిపించదు. విచిత్రమనేది ఎప్పుడూ ప్రక్కవాడి పళ్లెంలోనే ఉంటుంది. అటుకుల పోహాతో జిలేబి కలిపి తినే ఇందోరు పట్టణవాసికి మన మామిడిపండు పెరుగన్నం ఎంత వింతయో, మనకు అతని ఉదయపు పలహారం అంత వింత.

తీపికీ ఉప్పుకూ విరోధం ఉన్నదనుట నిజానికి అలవాటు చెప్పే మాటయే గాని నాలుక చెప్పే మాట కాదు. 1997లో బ్రెస్లిన్, బ్యూచాంప్ అనే శాస్త్రజ్ఞులు నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన ప్రకారం, చేదును తీపితో కలిపి, అందులో ఉప్పుకు మూలమైన సోడియం చేర్చితే చేదు అణగిపోతుంది. చేదు క్రింద అణగి ఉన్న తీపి తల ఎత్తుతుంది. ఈ సత్యాన్ని పరీక్షాగారం లేకుండానే మన పెద్దలు ఎరుగుదురు. పాయసంలో చిటికెడు ఉప్పు వేసే చేతికి ఎవరు శాస్త్రం నేర్పినారు? ఉగాది పచ్చడిలో ఆరు రుచులను ఒక్క గిన్నెలో కలిపి సంవత్సరాన్ని ప్రారంభించే జాతికి రుచుల సంకరం అనాచారమెట్లా అవుతుంది? భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో రసమంటే ఏమిటో వివరించవలసి వచ్చినప్పుడు వంటయింటి ఉపమానాన్నే ఎన్నుకొన్నాడు. బెల్లం మొదలైన ద్రవ్యాలు, వ్యంజనాలు, ఓషధులు కలిసి షాడవాది రసాలు ఎట్లు పుట్టుతవో, నానా భావాలు కలిసి రసం అట్లు పుట్టుతుందని ఆయన భావం. ఏ ఒక్క ద్రవ్యంలోను లేనిది కలయికలో పుట్టినది. కావ్యానందానికి ఈ దృష్టాంతం చాలునని ఆయన భావించినాడు.

అయితే ఏ రెండింటినైనా కలుపవచ్చునా? దీనికి ఎదురుగా ఒక బలమైన వాదం ఉన్నది. దానిని దాటవేయుట న్యాయం కాదు. చరకసంహిత విరుద్ధాహారాన్ని గూర్చి విస్తారంగా చెప్పినది. పాలతో చేపలు కలుపరాదన్నది. తేనెను, నేతిని సమానంగా కలిపి తినరాదన్నది. సంప్రదాయం అనుభవంలో నుండి వచ్చిన హెచ్చరికల మూట. దానిని త్రోసివేసి కొత్తదనం కోసం పరుగెత్తుట వివేకం కాదని ఈ పక్షంవారు అంటారు. ఈ మాటలో బలమున్నది. వింతగా ఉండాలనే కోరికతో మాత్రమే రెండు పదార్థాలను ఒక పళ్లెంలో పడవేసి, చూచేవారిని ఆశ్చర్యపరచి, తాను రెండవ ముద్ద తినకుండ లేచిపోయేవాడు వంటకు గాని మనిషికి గాని మేలు చేయడు. అతనికి కావలసినది రుచి కాదు, గుర్తింపు.

కాని సంప్రదాయమనే మాటను నిదానంగా పరిశీలిస్తే మరొక సంగతి బయటపడుతుంది. ఆంధ్రుల పరువుకు గురుతుగా చెప్పుకొనే ఆవకాయలో ముఖ్యద్రవ్యమైన మిరపకాయ ఈ దేశపు పంట కాదు. అమెరికా ఖండాల నుండి పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దంలో మన తీరాలకు చేరినది. అంతకుముందు మన కారం మిరియాలది, పిప్పళ్ళది. కొత్త కాయకు మిరియాన్ని పోలిన పేరే పెట్టుకొని ఇంట చేర్చుకొన్నాము. ఛత్తీస్‌గఢ్‌లో బియ్యపుపిండి చీలాకు విడదీయరాని తోడైన టమాటా పచ్చడిలో టమాటాయే గాక మిరపకాయ కూడ సముద్రం దాటి వచ్చినదే. అంటే ఏదో ఒక ఇంటిలో ఏదో ఒకనాడు ఒక ఇల్లాలు ఆ ఎర్రని కాయను మామిడిముక్కతో కలిపి చూచినది. అత్తగారు ముఖం చిట్లించియే ఉంటారు. ఈనాటి సంప్రదాయం నిన్నటి సాహసం. కావున సంప్రదాయాన్ని గౌరవించేవాడు దానికి జన్మనిచ్చిన సాహసాన్ని ద్వేషించలేడు. గీత కొత్తకూ పాతకూ మధ్య లేదు. శ్రద్ధతో కలుపుటకూ ఆటకోసం కలుపుటకూ మధ్య ఉన్నది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. కొన్ని వంటకాలు ఆకలిని తీర్చుతవి. కొన్ని మనస్సును ఓదార్చుతవి. జ్వరం తగ్గిన మరునాటి చారన్నం, పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు తల్లి కలిపి పెట్టిన ముద్ద ఈ రెండవ తరగతికి చెందినవి. ఛత్తీస్‌గఢ్‌లో తీజా వ్రతానికి ఆడపడుచులు పుట్టింటికి చేరుకొంటారు. నీరైనా త్రాగని ఉపవాసానికి ముందురాత్రి వారు అన్నంతో కాకరకాయ కూర తింటారు. దానిని కరూభాత్ అంటారు. ఆ చేదు బయటివారికి చేదు మాత్రమే. ఆమెకు అది పుట్టిల్లు. ఇట్టి ఆహారంలోని సుఖం నాలుకమీద లేదు, జ్ఞాపకంలో ఉన్నది. మరి పరులు ఆ సుఖాన్ని పొందగలరా? ఒక ముద్దతో పొందలేరనే నా అభిప్రాయం. ఇతరుల ఇష్టభోజనాన్ని ఒకసారి నోట పెట్టుకొని "ఇందులో ఏమున్నది?" అని అడిగేవాడు, ఒక భాషలో నాలుగు మాటలు విని ఆ భాషలో కవిత్వం లేదని తీర్పు చెప్పేవానివంటివాడు. 1757లో డేవిడ్ హ్యూమ్ అభిరుచి ప్రమాణాన్ని గూర్చి వ్రాసిన వ్యాసంలో మంచి విమర్శకునికి ఉండవలసిన గుణాలను లెక్కించినాడు. సూక్ష్మమైన అనుభూతి ఒక్కటే చాలదు. అభ్యాసం కావాలి, పోల్చి చూచుట కావాలి, అన్నిటికంటె ముఖ్యంగా పక్షపాతం పోవాలి అన్నాడు. ఆయన చెప్పినది కళలను గూర్చియే అయినా, పరుల పళ్లెం ముందు కూర్చున్నవానికి కూడ అది వర్తిస్తుంది.

ఈ మాటలు వ్రాయుటకు నాకు అర్హత ఎట్లా వచ్చినదో చెప్పవలసి ఉన్నది. అది ఒక తప్పిదం వల్ల వచ్చినది.

వండిన అన్నాన్ని నీటిలో ముంచి అదే రోజు తింటే ఛత్తీస్‌గఢీలు బోరే అంటారు. రాత్రంతా ఉంచి మరునాడు తింటే బాసీ అంటారు. ఎండాకాలంలో పొలానికి పోయేవారికి, కూలికి పోయేవారికి అది కడుపు చల్లగా ఉంచే ఆహారం. కాకీ కూతురు నా ఈడుదే. నాకు పదేళ్ళ వయస్సులో ఒక మే నెల మధ్యాహ్నం మా బడి పిల్లలు కొందరు ఆడుకొనుటకు వచ్చినారు. ఆమె అప్పుడే గిన్నె తెచ్చుకొని వసారాలో కూర్చున్నది. గిన్నెలో బాసీ, ఉప్పు, ఉల్లిపాయ. ప్రక్కన ఆమెకు ఇష్టమైన బెల్లపు ముక్క. ఒక కొరుకు ఉల్లిపాయ, ఒక కొరుకు బెల్లం, మధ్య ఆ పుల్లని అన్నం. అది ఆమె అలవాటు. వచ్చినవారిలో ఒకరు అదేమిటని అడిగినారు. ఆమె చెప్పకముందే నేను ముక్కు మూసుకొని హిందీలో "బాసీ" అన్నాను. అందరూ నవ్వినారు. ఆమె గిన్నెమీద చేయి అడ్డం పెట్టుకొని లోపలికి పోయినది.

నేను అబద్ధం చెప్పలేదు. ఆమె కూడ దానిని బాసీ అనే పిలుస్తుంది. అయితే ఆమె భాషలో అది ఒక భోజనం పేరు. నేను మాట్లాడిన హిందీలో అది పాచిపోయినదని అర్థం ఇచ్చే విశేషణం. ఒకే శబ్దాన్ని ఒక భాషలో నుండి మరొక భాషలోనికి జార్చి ఆమె అన్నాన్ని ఎంగిలికంటె హీనం చేసినాను. నన్ను ఈనాటికీ వదలనిది మరొక సంగతి. ఆ ఉదయం నేను తిన్నది కూడ రాత్రి మిగిలిన అన్నమే. మా అమ్మ అందులో పెరుగు పోసి మామిడిపండు కలిపి పెట్టినది. మా ఇంటిలో దానిని చద్దన్నం అంటారు.

ఆమె నాతో మాట్లాడుట మానలేదు. మరునాడు యథాప్రకారం ఆటకు వచ్చినది. కాని ఆ తరువాత ఆ క్వార్టరు ఖాళీచేసి వారు వెళ్ళేవరకు నా ఎదుట ఆమె ఏమీ తినలేదు. పోరా పళ్లెం మాత్రం ప్రతి సంవత్సరం వచ్చినది. కాకీకి ఈ సంగతి తెలియదో, తెలిసి కూడ పంపినదో నేను అడుగలేదు. సంక్రాంతికి మా అమ్మ ఆ పళ్లెంలోనే అరిసెలు పెట్టి పంపేది. అవి చూచి కాకీ, "ఇవి మా అయిరసాలే కదా!" అన్నది. బియ్యపుపిండి, బెల్లం కలిపి వారు చేసే పిండివంట పేరు అది. పెద్దవారు ఇట్లు పేర్లలో చుట్టరికం కనుగొంటున్న కాలంలోనే నేను ఒక పేరుతో చుట్టరికం తెంచినాను.

అరుచి నిర్దోషమా అనే ప్రశ్నకు ఈ అనుభవం నాకు ఒక సమాధానం ఇచ్చినది. ఆనాడు నాకు కలిగినది అరుచి కాదు. నేను ఆ బాసీని రుచి చూడలేదు; రుచి చూడనిదానిపై అరుచి ఎట్లా కలుగుతుంది? నాకు కలిగినది భయం. వచ్చినవారు నన్ను కూడ ఆ గిన్నె ప్రక్కన చేర్చుతారేమోనని భయం. దూర దేశాల నుండి వచ్చి జీతాలకు చేరిన మా ఇండ్లలో, ఆ నేలమీది వారిని గూర్చి వెనుకబడినవారనే మాట తరచుగా వినిపించేది. ఆ మాట నా నోట ముక్కు మూసుకొనుటగా వెలువడినది. మన అసహ్యాలలో చాలభాగం ఇట్టివే అని నేను అనుమానిస్తాను. నాలుక నిర్ణయించినట్లు నటిస్తుంది. నిర్ణయం వేరొక చోట జరిగి ఉంటుంది. కులం నిర్ణయిస్తుంది, జీతం నిర్ణయిస్తుంది, ఎవరి ప్రక్కన కనిపించవలెను అనే ఆశ నిర్ణయిస్తుంది. ఆ తీర్పును చదివి వినిపించే పని మాత్రం నాలుకది.

చాల సంవత్సరాల తరువాత ఒక హిందీ కథను తెలుగు చేస్తున్నప్పుడు ఈ శబ్దం మరల నా ఎదుట నిలిచినది. ఆ కథలో ఒక కూలివాని భార్య ప్రేమతో అతనికి బాసీ కట్టి ఇస్తుంది. పనిచోట మేస్త్రి అదే మాటతో అతనిని తిట్టుతాడు. మొదట నేను భార్య నోట "చద్ది" అని, మేస్త్రి నోట "పాచికూడు" అని వ్రాసినాను. వాక్యాలు చక్కగా కుదిరినవి. మరునాడు చదువుకొంటే అది అసత్యమని తోచినది. ఆ కూలివానికి తగిలిన దెబ్బ వేరొక మాటతో తగిలినది కాదు. తన భార్య పలికిన మాటతోనే తగిలినది. రెండు చోట్ల రెండు పదాలు పెట్టితే ఆ గాయం మాయమవుతుంది. చద్ది అనే మాట చల్ది నుండి వచ్చినది. అందులో ఉన్నది చల్లదనం. పోతన భాగవతం దశమస్కంధంలో గోపబాలురతో కూడి కృష్ణుడు ఆరగించినవి మీగడపెరుగు కలిపిన చల్దులు, ఊరగాయలు. పెద్దల మాటను చద్దిమూట అని మనం నేటికీ గౌరవిస్తాము. ఆ నోటితోనే విలువలేనిదానిని చద్దివార్త అంటాము. తెలుగుకు కూడ ఈ రెండు ముఖాలు ఉన్నవి. కావున రెండు చోట్ల చద్ది అనియే ఉంచినాను. మేస్త్రి తిట్టు చదివినప్పుడు తెలుగు పాఠకునికి తన ఇంటి మాటయే తనకు తగలవలె.

2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, అప్పటి ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి పిలుపు ననుసరించి రాష్ట్రమంతటా బోరే-బాసీ తిన్నారు. అధికారులు తిన్నారు, నాయకులు తిన్నారు, ఆ చిత్రాలు అంతటా వ్యాపించినవి. దీనిని గూర్చి నాకు రెండు భావాలు కలిగినవి. ఒక బాలిక దాచుకొన్న గిన్నెను రాష్ట్రమంతా బల్లమీద పెట్టుకొని తినుట చిన్న విషయం కాదు. అదే సమయంలో, ఒక్కరోజు తినేవానికీ వేరొకటి లేక ప్రతిరోజు తినేవానికీ గల భేదాన్ని ఆ పళ్లెం చెప్పజాలదు. పేదవాని అన్నాన్ని మెచ్చుకొనుట అతని పేదరికాన్ని మెచ్చుకొనుట కారాదు. ఆ ఎరుక ఉంటే మెప్పులో దోషం లేదు.

ఇన్ని మాటల తరువాత నేను ఏ విధి విధించుతున్నాను? అన్నిటినీ అందరూ ఇష్టపడవలెనని కాదు. వ్రతం వల్ల, వ్యాధి వల్ల, మతం వల్ల, చివరకు కేవలం ఇష్టం లేక ఒక పదార్థాన్ని వద్దనేవానికి ఆ స్వేచ్ఛ పూర్తిగా ఉన్నది. వద్దనుటలో మర్యాద ఉండవచ్చును. తినుటలో కూడ అవమానం ఉండవచ్చును. నేను కోరేది ఇంతమాత్రమే. రుచి చూడనిదానిని అరుచి అనకూడదు. ఒక ముద్దతో తీర్పు చెప్పకూడదు. నచ్చకపోతే నాకు నచ్చలేదు అనవచ్చును గాని, ఇది తినేదేనా అనకూడదు. మొదటి వాక్యంలో కర్త నేను. రెండవ వాక్యంలో నేను తప్పుకొని ఎదుటివానిని బోనులో నిలబెట్టుతాను.

ఇప్పుడు వేసవిలో మా ఇంటిలో రాత్రి అన్నం నీటిలో ముంచి పెట్టుతాను. ఉదయం ఉప్పు, ఉల్లిపాయ, బెల్లపు ముక్క పెట్టుకొని తింటాను. మొదటి వారం నాకు అది నచ్చలేదు. ఉల్లి ఘాటు మీద బెల్లం వెగటుగా తోచినది. మూడవ వారానికి పులుపు ఆ రెండింటినీ కలిపే తీరు తెలిసినది. ఇష్టమని ఇప్పుడు నిజంగా చెప్పగలను. ఇది ప్రాయశ్చిత్తమని నేను అనుకొనుట లేదు. ప్రాయశ్చిత్తం ఆమె ఎదుట జరుగవలసినది. ఆమె ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఆనాడు ఆమె ఏమి తింటున్నదో తెలుసుకొనుటకు నాకు ఇంతకాలం పట్టినదని మాత్రం చెప్పగలను.